ఆరో సూది

పోయిన మంగళవారం పొద్దున, ఒకప్పుడు ఢిల్లీ పక్కన వైశాలిలో మా కింది వాటాలో ఉండే ఆంటీ కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ మాట్లాడేది హిందీలోనే. "దీదీ, మమ్మీ నహీఁ రహీఁ" అంది. అమ్మ ఇక లేదని. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ముందురోజు సాయంత్రం కూడా ఎవరికో బొంత అంచు కుట్టి ఇచ్చారట.

నేను గుర్‌గావ్ నుంచి వైశాలి చేరేసరికి ఇల్లు జనంతో నిండిపోయి ఉంది. కాలనీలో అందరూ ఆవిణ్ణి గుదడీ వాలీ ఆంటీ అనేవారు. గుదడీ అంటే మన బొంతే. ఎదురింటి పంజాబీ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, తన మనవరాలు ఇప్పటికీ ఆంటీ కుట్టిన బొంత లేకపోతే పడుకోదని చెప్పుకుని ఏడ్చింది. తలా ఒక బొంత సంగతి చెప్పారు. నాకు మాత్రం గుర్తొచ్చింది బొంత కాదు, ఒక సూది ముక్క. దాని గురించి ఆంటీ బతికున్నన్నాళ్ళూ కాలనీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

పెళ్ళయి ఢిల్లీ వచ్చిన మొదటి చలికాలంలో ఆవిణ్ణి చూశాను. మావారు నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పొద్దున్నే వెళ్ళిపోయేవారు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే మనిషి ఒక రోజు మెట్ల దగ్గర గంప దించింది. నేను మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిపోయిన నేత చీర ఒకటి, ఇంకో రెండు ఇచ్చి గిన్నె తీసుకోబోతున్నాను. కింది వాటాలోంచి ఒకావిడ చరచరా పైకొచ్చి ఆ చీర లాక్కున్నంత పనిచేసింది.

"ఎవరిదిది?"

"మా అమ్మదండీ."

"గిన్నె కోసం అమ్మ చీర ఇస్తవా? ఇటు తే."

తెలుగు విన్నందుకు సంతోషించాలో, కసిరినందుకు నొచ్చుకోవాలో తెలియలేదు. ఆవిడది కరీంనగర్ వైపు, మాది తెనాలి వైపు. అంకుల్ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరై, ఆ ఫ్లాటు కొనుక్కున్నారు. పది రోజుల తర్వాత ఆవిడ మా తలుపు తట్టి, నా చేతిలో ఒక బొంత పెట్టింది. మధ్యలో అమ్మ చీర, చుట్టూ ఎవరెవరివో లుంగీల ముక్కలు, దుప్పటి ముక్కలు, అంచుకు ఎర్రటి జాకెట్టు గుడ్డ. ఆ రాత్రి దాన్ని కప్పుకున్నాక, ఢిల్లీ వచ్చిన తర్వాత మొదటిసారి తెల్లవారేదాకా మెలకువ రాలేదు. మర్నాడే వెళ్ళి, నాకూ నేర్పమన్నాను.

నేర్పడంలో ఆవిడకు జాలి లేదు. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బొంతను మోకాళ్ళ మీదుగా పరిచి, లోపల మూడు నాలుగు పొరల పాత నూలు చీరలు, పైన ముక్కలు వేసి, అంచు నుంచి మధ్యకు కుట్టుకుంటూ రావాలి. కుట్టు బియ్యపు గింజంత ఉండాలి. పొడుగైతే విప్పించేది. నైలాను కలిసిన గుడ్డ తెస్తే దారప్పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూపించి, "ఇది చెమట తాగదు, తీస్కపో" అని తిప్పి పంపేది. నాకు విసుగొచ్చి చేతులు గబగబా ఆడితే, "తొందరుంటే చాయ్ తాగు బిడ్డా, సూది పట్టకు" అనేది.

అన్నిటికన్నా కఠినం సూదుల లెక్క. ఎర్రటి ఉన్ని గుడ్డ ముక్కకు ఆరు సూదులు గుచ్చి ఉండేవి. సాయంత్రం పని ముగిశాక పైకి వినబడేలా లెక్కపెట్టేది. ఆరు వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. ఒకసారి ఒక్క సూది కోసం నన్ను గంటన్నర కూర్చోబెట్టింది. చివరికి అది అంకుల్ చొక్కా గుండీ కుట్టి మరచిపోయిన సూది. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

"చీరల ముల్లుంటే కట్టుకున్నదానికి కనవడ్తది. తీసి పారేస్తది. బొంతల ఉన్నది నిద్రవోయినోనికి కనవడదు బిడ్డా" అంది.

అప్పటిదాకా ఆవిడ అడిగినవాళ్ళకే కుట్టి ఇచ్చేది. వాళ్ళ చీరలు వాళ్ళే తెచ్చుకునేవారు. ఆ ఏడాది ఉగాదికి జనక్‌పురిలో తెలుగువాళ్ళు ఒక స్కూలు ఆవరణలో పండగ చేస్తూ, పచ్చళ్ళవాళ్ళకూ చీరలవాళ్ళకూ బల్లలు వేసుకోనిస్తున్నారని తెలిసింది. "మనమూ ఒక బల్ల వేద్దాం ఆంటీ" అన్నది నేనే. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు అమ్మడం ఆవిడకు ఇష్టం లేదు. రెండు రోజులు పోరితే ఒప్పుకుంది. చంటిపిల్లల కోసం ఐదు చిన్న బొంతలు కుట్టాం. ఇద్దరం కలిసి నెలన్నర కష్టపడ్డాం.

పండగ ముందురోజు సాయంత్రం అంచులు మిగిలాయి. ఆంటీ వంటింట్లో ఉంది. నేను ఐదింటినీ ఒళ్ళో దొంతరగా వేసుకుని ఒక్కొక్క దాని మూలా బిగిస్తున్నాను. అప్పటికే ఆ రోజు నా కుట్టు రెండుసార్లు విప్పించింది. మావారు ఆఫీసు నుంచి వచ్చే వేళయింది. మందంగా ఉన్న మూల దగ్గర సూదిని బలంగా నెట్టాను. అది టక్కుమని విరిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

బెజ్జం ఉన్న సగం నా వేళ్ళ మధ్య ఉంది. మొన ఉన్న సగం లేదు. మసక చీకట్లో చాప తడిమాను, ఒళ్ళో గుడ్డలు తడిమాను. తగల్లేదు. "అయిపోయిందా?" అని ఆంటీ వంటింట్లోంచి అడిగింది. చెప్తే ఈ రాత్రి ఐదు బొంతలూ విప్పిస్తుంది, పండగ పోయినట్టే అనుకున్నాను. నా సంచిలో కొత్త సూదుల పొట్లం ఉంది. అందులోంచి ఒకటి తీసి ఎర్ర గుడ్డకు గుచ్చాను. విరిగిన సగాన్ని చెత్తబుట్టలో వేశాను. ఆంటీ కొవ్వొత్తి తెచ్చి లెక్కపెట్టింది. "ఆరు" అంది.

ఆదివారం పండగలో మూడు బొంతలు అమ్ముడుపోయాయి. ఒకటి జనక్‌పురిలోనే ఉండే టీచరమ్మ, పురిటికి రాబోయే కూతురి కోసం కొన్నది. రెండోది ఒక చేనేత, హస్తకళల దుకాణం నడిపే ఢిల్లీ ఆవిడ తీసుకుంది. ఆవిడ కుట్టును వేలితో నిమిరి నిమిరి చూసి, దీన్ని శాంపిల్‌గా దుకాణంలో పెడతానని, నచ్చితే నెలనెలా ఆర్డర్ ఇస్తానని చెప్పి కార్డు ఇచ్చింది. ఆంటీ ఆ కార్డును జాకెట్టులో దాచుకుంది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. మూడోది ఒక కుర్ర జంట కొన్నది. అతను పరిశోధన విద్యార్థి, మునిర్కాలో గది తీసుకుని ఉంటున్నారట. రెండు నెలల పాప. గాలి చల్లగా ఉందని ఆ అమ్మాయి అక్కడికక్కడే పాపను బొంతలో చుట్టేసింది. పాప చేతిని మూతి దగ్గర పెట్టుకుని, బొంత అంచును చప్పరించడం మొదలుపెట్టింది.

నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఆదివారం రాత్రి నిద్ర లేదు. సోమవారం అన్నం సయించలేదు. మంగళవారం పొద్దున మావారు వెళ్ళగానే కిందికి దిగి, తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను. ఆంటీ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది.

"ఏ బొంత మీద ఇరిగింది?"

"ఐదూ ఒళ్ళోనే ఉన్నాయాంటీ. చీకట్లో తడుముతుంటే కలిసిపోయాయి, ఏదో తెలియలేదు."

"ఎంత ముక్క?"

వేలి కణుపులో సగం చూపించాను. ఆవిడ లేచి, చెప్పులేసుకుని సందు చివరి రేడియో రిపేరు కొట్టుకు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. పాడైపోయిన స్పీకరు ఒకటి అడిగి, దాని అయస్కాంతం ఊడదీయించింది. ఇంటికొచ్చి, మేం కూర్చున్న చాప మీదా, అమ్ముడుపోని రెండు బొంతల మీదా దాన్ని అంగుళం అంగుళం నడిపింది. ఏమీ లేదు. మామూలు సూది పెట్టి చూస్తే మూడు పొరల కింద ఉన్నా అది ఎగిరి అంటుకుంది. అంటే అయస్కాంతం పనిచేస్తోంది. సూది ముక్క అమ్మేసిన మూడింటిలో ఒకదానిలో ఉంది.

"చంటిపిల్ల ఇల్లు ముందు. పోదాం పా."

"అడ్రస్ తెలీదాంటీ. మునిర్కా అని మాత్రమే అన్నారు."

"మునిర్కా ఉన్నది కదా" అంది.

రెండు బస్సులు మారి అక్కడికి చేరేసరికి పదకొండు దాటింది. మునిర్కా అంటే ఒకదాని మీద ఒకటి కట్టిన గదులు, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. తెలుగు విద్యార్థి, గడ్డం ఉంటుంది, చిన్న పాప అని అడుగుతూ తిరిగాం. ఎవరూ చెప్పలేకపోయారు. గంట గడిచింది. నాకు ఏడుపొచ్చి ఒక మెట్టు మీద కూలబడ్డాను. ఆంటీ నన్ను చూడనే లేదు. మందుల కొట్టతనితో, "భయ్యా, ఇదర్ ఛోటే బచ్చే కా దవాయీ కౌన్ లేతా హై? మద్రాసీ లోగ్" అని, ఇక్కడ చంటిపిల్లల మందు ఎవరు కొంటారని తనకొచ్చిన హిందీలో అడుగుతోంది. ఢిల్లీలో దక్షిణాదివాళ్ళందరినీ మద్రాసీలనే అంటారు కాబట్టి తనూ అదే మాట వాడింది. అతను ఆలోచించి, పొద్దున్నే ఒకతను గ్రైప్ వాటర్ కొన్నాడు, పాప ఆపకుండా ఏడుస్తోందన్నాడు అని, ఎదురు సందులో మూడో అంతస్తు చూపించాడు.

ఆపకుండా ఏడుస్తోందన్న మాట నాకు వినిపించింది. ఆంటీకీ వినిపించింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కే మనిషి, ఆ రోజు నాకన్నా ముందు మూడంతస్తులు ఎక్కేసింది.

రెండో అంతస్తు నుంచే పాప ఏడుపు వినబడింది. తలుపు తీసిన అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆంటీ లోపలికి కూడా వెళ్ళకుండా గుమ్మంలోనే చెప్పింది.

"మేమమ్మిన బొంతల సూది ముక్క ఉండొచ్చు బిడ్డా. తప్పు మాది. పిల్లను ముందు బొంత మీదికెళ్ళి తియ్యి."

ఆ అమ్మాయి కేక పెట్టి పాపను ఎత్తుకుంది. అతను లోపలి నుంచి వచ్చాడు. విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత అరిచాడు. "మీరు మనుషులేనా? పసిపిల్లలు పడుకునేదాంట్లో సూదులా? ఎవరు కుట్టారు?"

"నేనే కుట్టిన" అంది ఆంటీ.

నేను ముందుకొచ్చాను. "కాదండీ. విరగ్గొట్టింది నేను. ఆవిడకు చెప్పకుండా దాచిందీ నేనే. ఆవిడకు ఇవాళ పొద్దున్నే తెలిసింది."

అతను నన్ను చూసిన చూపు ఇంకా మరచిపోలేదు. ఆంటీ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. పాపను అందుకుని కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంది. బట్టలన్నీ విప్పి, మెడ కింద మడతలు, చంకలు, తొడల మడతలు, అరికాళ్ళు ఒక్కొక్కటే చూసింది. చేతులు కడుక్కుని, చిటికెన వేలితో నోట్లో చిగుళ్ళ చుట్టూ, నాలుక కింద తడిమింది. గీత లేదు, చుక్క రక్తం లేదు. పాప ఏడుస్తూనే ఉంది. ఆంటీ పాప ఎడమ చెవి వెనక వేలితో మెల్లగా నొక్కింది. పాప కెవ్వుమంది. కుడి చెవి దగ్గర నొక్కితే అంత ఏడవలేదు.

"చెవి నొప్పి లెక్కనే ఉన్నది. అయినా డాక్టర్‌కు సూది సంగతి గూడ చెప్పు, దాచకు" అంది. అతను పాపను తీసుకుని కిందికి పరిగెత్తాడు.

వాళ్ళు తిరిగొచ్చేదాకా ముప్పావుగంట ఆ గదిలో ఉన్నాం. ఆంటీ బొంత మీద అయస్కాంతాన్ని మూడుసార్లు నడిపింది. నిలువుగా, అడ్డంగా, ఆఖరికి అంచులంతా. ఏమీ తగల్లేదు. అయినా ఆవిడ మొహం తేటపడలేదు. మెట్ల మీద ఏ చప్పుడైనా తలుపు వైపు చూస్తోంది.

చెవిలో చీము పట్టిందని డాక్టర్ చెప్పారట. చుక్కలు వేశాక పాప నిద్రపోయింది. డబ్బు తిరిగిస్తే అతను తీసుకుని, "ఆ బొంత పట్టుకుపోండి" అన్నాడు. మేం రెండు మలుపులు దిగాక ఆ అమ్మాయి వెనకే వచ్చింది.

"ఆంటీ, పాప దీని మీద బాగా పడుకుందండీ. మళ్ళీ ఇస్తారా?"

ఆంటీ ఆ అమ్మాయి చెంప నిమిరింది. "అంతా ఇప్పి చూసి, మళ్ళ కుట్టి తెస్త. నేనే తెస్త" అంది. తర్వాతి వారం తెచ్చి ఇచ్చింది కూడా.

మర్నాడు పొద్దున జనక్‌పురి వెళ్ళి, పండగ చేసినవాళ్ళను అడిగి టీచరమ్మ ఇల్లు కనుక్కున్నాం. ఆవిడ కొన్న బొంత ఇంకా కాగితం పొట్లంలోనే ఉంది. అందులోనూ లేదు. ఇక మిగిలింది దుకాణం. బస్‌స్టాపులో నేను ఆంటీ చెయ్యి పట్టుకున్నాను.

"ఆంటీ, అక్కడ అది గోడకు వేలాడే శాంపిలే. ఎవరూ దాని మీద పడుకోరు. నేను ఆవిణ్ణి మాటల్లో పెడతాను, మీరు మెల్లగా చూసెయ్యండి. ముక్క దొరికితే తీసేద్దాం. చెప్తే ఆర్డర్ పోతుంది."

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ రెండు రోజుల్లో నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి.

"మళ్ళ దాస్తవా?" అంది. అంతే. కోపంగా కూడా అనలేదు.

దుకాణంలో బొంత గోడకు ఉంది. దాని మీద చిన్న దీపం వెలుగుతోంది. ఎవరో విదేశీ మహిళ దాన్ని పట్టుకుని చూస్తోంది. ఆంటీ ఆవిడ వెళ్ళేదాకా ఆగింది. తర్వాత దుకాణం ఆవిడ దగ్గరకు వెళ్ళి, "మేడమ్, ఇస్ మే టూటీ హుయీ సూయీ హో సక్తీ హై" అంది. విరిగిన సూది ఉండొచ్చు, చూడనివ్వండి అని. ఆవిడ మొహం మారిపోయింది. వెంటనే బొంత దింపి బల్ల మీద పరిచింది. ఆంటీ అయస్కాంతాన్ని పై అంచు నుంచి మొదలుపెట్టింది. సగం దాటింది. కింది కుడి మూలకు వచ్చేసరికి చిన్న చప్పుడైంది. గుడ్డ పైకి లేచి అయస్కాంతానికి అతుక్కుంది.

ఆంటీ నాలుగు కుట్లు విప్పి, మొనను బయటికి తీసి, బల్ల మీద పెట్టింది. ముగ్గురం దాన్ని చూశాం. ఆంటీ అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

దుకాణం ఆవిడ చెడ్డ మనిషి కాదు. మంచినీళ్ళు ఇచ్చింది. మీరే వచ్చి చెప్పినందుకు గౌరవిస్తున్నాను అంది. కానీ చంటిపిల్లల వస్తువులతో ఈ భయం పెట్టుకోలేనని, ఆర్డర్ ఇవ్వలేనని చెప్పింది. ఆంటీ "ఠీక్ హై మేడమ్" అని కార్డు తీసి బల్ల మీద పెట్టబోయింది. ఉంచుకోండి అందావిడ. ఆంటీ ఉంచుకోలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు నేను ఆంటీ దగ్గర కుట్టాను, గుర్‌గావ్ మారేదాకా. ఆవిడ మళ్ళీ ఏ దుకాణానికీ వెళ్ళలేదు. తెలిసినవాళ్ళకే కుట్టింది. ఆ పోయిన ఆర్డర్ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంకుల్ అడిగితే, "వాళ్ళకు మన కుట్టు కుదర్లే" అని చెప్పింది. దుకాణానికి వెళ్ళొచ్చిన మర్నాడు నేను భయపడుతూ కిందికి వెళ్తే, ఎర్ర గుడ్డ నా ముందుకు జరిపి, "ఇగ నువ్వే లెక్కవెట్టు" అంది. నన్ను క్షమించిందా లేదా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ లెక్క నాకు అప్పగించాక అడగాల్సింది ఏముందనిపించింది. ఇంతకన్నా పెద్ద నమ్మకం నా జీవితంలో మళ్ళీ ఎవరూ నా చేతిలో పెట్టలేదు.

అయితే ఆవిడ అనగానే ఇప్పుడు నా కళ్ళ ముందు నిలిచేది అదీ కాదు. దుకాణం నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. ఆవిడ కిటికీ వైపు కూర్చుంది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. యమున వంతెన మీదికి రాగానే ఆవిడ తల మెల్లగా వాలి నా భుజానికి ఆనింది. నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఎండ ఆవిడ మొహం మీద పడుతోంది, నేను అరచేయి అడ్డుపెట్టాను. కండక్టర్ మా స్టాపు పేరు రెండుసార్లు అరిచాడు. దిగేవాళ్ళు దిగారు, బస్సు కదిలింది. నేను లేపలేదు. ఆ తర్వాత రెండు స్టాపులు పోయాయి, మూడోదీ పోయింది. చెయ్యి లాగేస్తున్నా దించలేదు. ఆవిడ ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతూ ఉంది.